ఎండలో చూసి కొన్న ఈల

రియాద్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా కోరుట్లలో కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ రెండే ప్రశ్నలు వేస్తున్నారు. అక్కడ బంగారం చౌకా అని ఒకటి, మరి తమ్ముడేడీ అని రెండోది. మొదటిదానికి జవాబు సులువు. చౌక కాదు, అక్కడి దుకాణదారు కూడా మనలాంటివాడే. రెండోదానికి జవాబు చెప్పాలంటే మనిషిని కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టాక ఒక చీరైనా కొనిపించకుండా పంపడం నాకు చేతకాదు. అందుకని ఇలా రాస్తున్నాను. చదివేవాళ్ళు చీర కొననక్కర్లేదు.

నేను బట్టల కొట్టు మనిషిని. తాతది కిరాణం, నాన్నది బట్టలు, మేనమామది ఇనుప సామాను. మా ఇళ్ళల్లో పసిపిల్ల ఏడుపు మొదలుపెడితే, ఎంతకి మానేస్తావే అని అడిగేవాళ్ళు. ఆ వంశంలో నా తమ్ముడు రవీందర్ ఒక్కడే తేడాగా పుట్టాడు. గల్లాపెట్టె ముందు కూర్చోవడమంటే వాడికి ఒళ్ళు మంట. కూర్చోమన్నప్పుడల్లా పారిపోయి, చివరికి రియాద్ దాకా పారిపోయాడు. పెళ్ళి చేస్తామంటే అదీ ఒక గల్లాపెట్టే అన్నాడు. అక్కడ ఒక పెద్ద లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే యంత్రాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. ఈ మధ్య కళ్ళల్లో నీటికాసులొచ్చాయి. డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్ళాడు. ఇప్పుడు రెండు కళ్ళూ పోయినట్టే లెక్క. కంపెనీ ఎగ్జిట్ వేసి ఇంటికి పంపిస్తానంది. వీడు రానన్నాడు.

కాబట్టి నా యాత్ర ఉద్దేశం ఒక్కటే, వాణ్ణి వెంటబెట్టుకు రావడం. వెళ్ళేముందే గల్లా పక్కన వాడికోసం మెత్త వేసిన కుర్చీ ఒకటి పురమాయించాను. తిరుగు టికెట్లు రెండు కొన్నాను. బేరానికి దిగినప్పుడు సరుకు అప్పుడే మన సంచిలో పడినట్టు నడుచుకోవాలని నాన్న నేర్పాడు.

విమానంలో

నా పక్క సీటులో నిర్మల్ వైపు మనిషి, సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న సంచిలోంచి మామిడికాయ తొక్కు వాసన విమానమంతా వ్యాపించింది. నన్ను ఎగాదిగా చూసి, "ఏం పని మీద వోతున్నవక్కా? ఇండ్లల్ల పనా?" అని అడిగాడు.

"మా తమ్మున్ని తోల్కరానీకి వోతున్న."

"ఒస్తనన్నడా?"

"రానన్నడు."

"గట్లయితే నువ్వు మంచిగ జూసుకొని రా అక్కా, అంతే," అని కళ్ళు మూసుకున్నాడు. అశుభం పలికాడని తిట్టుకున్నాను గానీ, అతను ఇచ్చిన తొక్కు మాత్రం అన్నంలో కలుపుకు తిన్నాను.

సులై

రియాద్‌లో నేను దిగింది లావణ్య ఇంట్లో. మా కొట్లో పెళ్ళిచీరలు కొన్న పిల్ల, భర్త కిరణ్ ఇంజనీరు. మర్నాడు కిరణ్ నన్ను కార్లో రవి ఉండే సులై తీసుకెళ్ళాడు. గోదాములు, వర్క్‌షాపులు, లారీలు, వాటి మధ్య పనివాళ్ళుండే కంపెనీల క్యాంపులు. ఆడవాళ్ళకు గేటు వరకే. గేటు బయట చాయ్ హోటల్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఎదురుచూశాను. చాయ్ రెండు రియాళ్ళు. నేను పరాయి దేశపు ధరల్ని రూపాయల్లోకి మార్చి ఊరుకోను, అక్కణ్ణుంచి జాకెట్టు ముక్కల్లోకి మారుస్తాను. రెండు చాయ్‌లకి ఒక జాకెట్టు ముక్క. దోపిడీ అనుకుంటూనే రెండోది తాగాను.

రవి గోడ వెంబడి చెయ్యి ఆనించుకుంటూ వచ్చాడు. లేచి నాలుగడుగులు ఎదురెళ్ళాను, నేను పలకరించకముందే నవ్వాడు.

"నీ సెప్పుల సప్పుడు మారలే అక్కా. ఇగ నువ్వు బూట్లేసుకున్నా గిట్లనే నడుస్తవ్, అప్పు వసూలుకు వొయినట్టు."

"సరే గనీ, సంచి సదురుకో. పోదాం."

"పోయి ఏం జెయ్యాలె?"

"గల్లా కాడ కూసో. మెత్త కుర్చీ జేయిస్తున్న."

"కండ్లున్నప్పుడే కూసోలే. కండ్లు వొయినంక కూసుంటనా?" అన్నాడు. "ఈడ నాకు పనున్నది. ఆడ కుర్చీ ఉన్నది. రెంటికీ ఫరక్ లేదా?"

అసలు తగువు ఎక్కడొచ్చిందో అప్పుడు చెప్పాడు. యంత్రం ఉతకడం పూర్తయితే దాని ముందు పచ్చ దీపం వెలుగుతుంది. మధ్యలో కూడా ఒకటి రెండుసార్లు ఆగుతుంది గానీ అప్పుడు దీపం రాదు, లోపల ఇంకా నీళ్ళుంటాయి. చేత్తో తాకితే ఆగిందని తెలుస్తుంది, అయిందో లేదో తెలియదు. ఒకరోజు వీడు అయిందనుకుని తలుపు లాగాడు. సబ్బు నీళ్ళు సముద్రంలా వచ్చి సూపర్‌వైజర్ బషీర్ సాబ్ కొత్త తోలు బూట్ల మీద పడ్డాయి. మనిషి గుడ్డివాడైనందుకు కాదు, బూట్లు పాడైనందుకు ఎగ్జిట్ మాట పుట్టింది.

"బషీర్ సాబ్ పరీక్ష బెడతనన్నడు. ఒక్క దినం తప్పు లేకుంట జేస్తే ఉంచుతడట. ఎలుగును సప్పుడు జేసే డబ్బి ఒకటి ఉంటదక్కా. దీపం మీద బెడితే కూస్తది. బత్హా బజార్ల దొర్కుతదట. నువ్వు బేరం మంచిగ జేస్తవ్ గద, కొనుకరా. పాసైతే ఉంట. ఫెయిలైతే నోరు మూసుకొని నీ ఎనక ఒస్త."

నన్ను ఓడించడానికి కావలసిన సామాను నన్నే బేరమాడి తెమ్మన్నాడు. మా రక్తం వాడిలో బొత్తిగా లేదనుకోవడం నా పొరపాటు. సరేనన్నాను. పావు కిలో ఉండని ఒక డబ్బీ నా తమ్ముణ్ణి రియాద్‌లో నిలబెడుతుందని నేనేమీ అనుకోలేదు.

మాల్

కిరణ్‌కి ఈ డబ్బీ గొడవ చిన్నతనంగా తోచింది. "ఆంటీ, అదంతా ఓల్డ్ టెక్నాలజీ. ఇప్పుడు స్మార్ట్ గ్లాసెస్ ఉన్నాయి. ఫుల్ ఏఐ. ఎదురుగా ఏముందో చెవిలో డిస్క్రైబ్ చేస్తాయి. నెక్స్ట్ లెవెల్," అని ఒక మాల్‌కి తీసుకెళ్ళాడు. మన దగ్గర సినిమా హాలు ఎంత చల్లగా ఉంటే టికెట్ అంత ఖరీదు. ఆ లెక్కన ఆ మాల్ చల్లదనానికే నా గుండె జారింది.

అమ్మకం పిల్ల సౌదీ అమ్మాయి, ఎంతో మర్యాదస్తురాలు. కూర్చోగానే ఖర్జూరాలు పెట్టి, చిన్న పింగాణీ కప్పులో అడుగున కాస్త కాఫీ పోసింది. ఇంత పిసినారితనమా అనుకుని తాగేశాను. వెంటనే మళ్ళీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. ఏలకుల వాసన వేసే ఆ కాఫీ కడుపులో చెరువయ్యాక, కప్పు కాస్త ఊపితేగానీ పోయడం ఆపరని కిరణ్ తాపీగా చెప్పాడు. మన కొట్లో గిరాకీ కూల్‌డ్రింక్ ముట్టుకుంటే చీర కొన్నట్టే. ఇక్కడ కుండెడు కాఫీ తాగి ఏమీ కొనకుండా లేచి రావచ్చట. ఇలాంటి వ్యాపారం ఎలా నిలబడుతుందో నాకర్థం కాలేదు.

కళ్ళద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. కాసేపు ఆలోచించి, చెవిలో ఇంగ్లీషులో ఏదో చెప్పాయి. ఏమందని అడిగితే కిరణ్ నీళ్ళు నమిలాడు.

"ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు, అసంతృప్తిగా ఉన్నారు అంటోంది ఆంటీ."

"ఇంకా ధరే చెప్పలేదు కదయ్యా, అప్పుడే ఎలా కనిపెట్టింది?"

ఫోన్లో రవి ఎవరితోనో తీయించి పంపిన లాండ్రీ యంత్రం ఫోటో చూపించాను. కళ్ళద్దాలు మళ్ళీ ఆలోచించాయి. గుండ్రటి కిటికీ ఉన్న ఓడ అన్నాయి. ఓడ ఉతకడం పూర్తయిందా లేదా అని అడగమన్నాను. కిరణ్ అడగలేదు. ఇక ధరంటారా, మా కొట్టు ముందు నిలబెట్టే స్కూటీ అంత. తగ్గించమంటే ఆ పిల్ల చిరునవ్వుతో "ఫిక్స్‌డ్, మేడమ్" అంది. కనీసం పెట్టె మీద ఒక సంచి ఉచితమా అన్నాను. కొంటే ఉచితమంది. ఇంకో ఖర్జూరం తీసుకుని లేచాను.

బత్హా

మా అంగడి బజారును పదింతలు చేసి అందులోంచి ఆవుల్ని తీసేస్తే బత్హా. నా ప్రాణం అక్కడ లేచొచ్చింది. చెప్పిన ధర మీద ఎవరికీ నమ్మకం లేని చోటు అది, చెప్పినవాడికి కూడా. ముందుగా అక్కడి ఆడవాళ్ళు బట్టల మీద వేసుకునే నల్ల అబాయా ఒకటి బేరమాడాను. అవసరం లేదని లావణ్య చెప్పింది గానీ, ఆ క్రేప్ గుడ్డ నాణ్యం చూశాక వదల్లేకపోయాను.

డబ్బీ దొరికింది ఖాజా భాయ్ దగ్గర. నిజామాబాద్ మనిషి. సెల్‌ఫోన్ కవర్ల వెనక ఒక అరలో మాట్లాడే గడియారాలూ, మాట్లాడే థర్మామీటర్లూ, వాటి పక్కన ఈ ఈలలూ పెట్టాడు. అవును, ఈలే అది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, కొనకు చిన్న గాజు కన్ను. వెలుతురు వైపు తిప్పితే కూస్తుంది. వెలుతురు పెరిగితే గొంతు పెంచుతుంది, చీకట్లో నోరు మూసుకుంటుంది.

ఖాజా భాయ్ రెండు రకాలు తీశాడు. "ఇది నాజూకుది అమ్మా, ఖరీదు ఎక్కువ. సూది మొనంత దీపమున్నా పట్టుకుంటది. ఇది మామూలుది."

"ఎండలకు తే, చూస్త," అన్నాను.

"ఎండలనా? ఇది దీపాలకమ్మా."

బట్టల కొట్టు మనిషి దేన్నైనా ఎండలోకి తీసుకెళ్ళి చూస్తుంది. కొట్లో దీపాల కింద ప్రతి చీరా పట్టుచీరే. రంగు నిజం తేలేది గడప దాటాకే. నేను రెండు ఈలలూ పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి నడిచాను. రియాద్ మిట్టమధ్యాహ్నపు ఎండ. నాజూకుది ఒక్కసారి కీచుమని గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది, మళ్ళీ కదిపినా పలకలేదు. మామూలుది మాత్రం పోలీసు ఈలలా ఖంగున మోగింది. రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన మా వైపు చూసి నిలబడిపోయాడు.

"ఎండను చూసి నీ నాజూకుది మూగవోయింది," అన్నాను.

"ఎండను చూసేటందుకు ఈల ఎందుకమ్మా? ఒంటికే తెలుస్తది గద. లోపల చిన్న దీపం మీద పెట్టి చూడు, ఫరక్ తెలుస్తది."

ఖరీదైనది అంటగట్టాలని చూస్తున్నాడని నేను లోలోపల నవ్వుకున్నాను. వాడి స్థానంలో నేనుంటే సరిగ్గా ఆ మాటలే అంటాను మరి. మామూలుదే తీసుకుని, సగానికి సగం తగ్గించి, పైన ఒక ఫోన్ కవర్ ఊరికే రాబట్టాను. నాకు ఫోన్ కవర్ ఉంది. అయినా రాబట్టాను. ఖాజా భాయ్ దండం పెట్టి, "ఖలాస్ అమ్మా, ఇంక పో," అన్నాడు. ఏ బజార్లోనైనా నాకు అంతకంటే పెద్ద సన్మానం లేదు.

వీడియో కాల్‌లో గది

శుక్రవారం సెలవు. ఈల గేటు దగ్గర రవికిచ్చి, నేను చాయ్ హోటల్లోనే కూర్చుని వీడియో కాల్‌లో వాడి గది చూశాను. ఫోన్ పట్టుకున్నది గంగన్న, వాడి రూమ్మేటు, బట్టతల మనిషి. రవి ఈలను గది నలుమూలలా తిప్పుతున్నాడు. చప్పుడు లేదు.

"కిటికీ దిక్కు తిప్పురా," అన్నాను.

"కిటికీ దిక్కే తిప్పిన్నక్కా."

"అక్కా, కిటికీల ఏసీ డబ్బ బెట్టిన్రు," అన్నాడు గంగన్న ఫోను తిప్పి చూపిస్తూ. "మిగిలిన సందుకు అట్ట కొట్టిన్రు. మాకు గూడ కిటికీ ఉన్నదని కంపెనీ కాయితాలల్లనే ఉన్నది." 

కంపెనీ చెప్పుకునే కిటికీ గురించి ఆ గదిలో కళ్ళున్న పన్నెండుమంది ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. ఈల వచ్చీ రాగానే మౌనంగా ఉండి కుండబద్దలు కొట్టింది. ఆ తర్వాత ట్యూబులైటు వేశారు. ఈల సన్నగా అందుకుంది. గంగన్న బట్టతల మీద పెడితే ఇంకాస్త గట్టిగా కూసింది. గదంతా పడి పడి నవ్వారు. "ఎలుగు నాలనే ఉన్నది, సూడున్రి," అని గంగన్న మీసం తిప్పాడు.

రవి కూడా నవ్వాడు. ఇంటికొస్తే ఇలా నవ్వుతాడా అని ఒక ఆలోచన వచ్చింది. చాయ్ చల్లారిపోతోందని దాన్ని పక్కకు నెట్టాను.

లాండ్రీ

పరీక్ష రోజు బషీర్ సాబ్ నన్ను లోపలికి రానిచ్చాడు. ముల్తాన్ వైపు మనిషి, నన్ను "బాజీ" అని గౌరవంగా పిలిచాడు. నేను ముందు ఆయన బూట్లు చూశాను. పాతవి వేసుకొచ్చాడు.

ఉతికే హాల్లో యంత్రాలు రెండు వైపులా బారులు తీరి ఉన్నాయి. పైన ట్యూబులైట్లు పెళ్ళిపందిరిలా వెలుగుతున్నాయి. ఇస్త్రీ, మడతలు వేరే గదిలో. ఇక్కడ పనిచేసేది రవి ఒక్కడే. ఇంత పెద్ద యంత్రానికి పనైపోయిందని కూసే గంట లేదా అని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

ఉండేదట. ప్రతి యంత్రానికీ ఉండేదట. ఆ మోతకి తలనొప్పి వస్తోందని బషీర్ సాబే వైర్లు కోయించాడట.

"మరి మళ్ళీ కలిపిస్తే సరిపోదా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. కలపాలంటే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, ఒప్పుకోవాలి. ముదీర్ ఒప్పుకుంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. వాళ్ళు యంత్రాల కంపెనీకి రాయాలి, ఆ కంపెనీ మనిషిని పంపాలి. కోయడానికి ఒక కత్తెర చాలింది, అతకడానికి మూడు ఆఫీసులు కావాలి. చూపున్నవాళ్ళకి చప్పుడు ఇబ్బందైందని చప్పుడు తీసేసి, ఇప్పుడు చూపు లేనివాడు ఆ చప్పుణ్ణి బజార్లో కొనుక్కు తెచ్చుకోవాలి. వ్యాపారంలో నేను చాలా చూశాను గానీ, ఉన్న సరుకు పారేసి గిరాకీతోనే తెప్పించుకోవడం మాత్రం అక్కడే చూశాను.

పరీక్ష మొదలైంది. రవి ఒక్కో యంత్రం ముందు ఆగి, వేళ్ళతో దీపం జాగా తడిమి, ఈల ఆనిస్తున్నాడు. ఈల కూసింది. రెండో దాని దగ్గరా అలాగే కూసింది. మూడో దాని దగ్గరా అంతే. పైనున్న ట్యూబులైట్ల వెలుగు యంత్రాల స్టీలు ముఖాల మీద పడి, ఏ దీపం వెలిగినా వెలగకున్నా నా మామూలు ఈలకి ఒక్కటే పాట. అరచేత్తో చుట్టూ మూసి చూశాడు. వేళ్ళు మధ్యకొచ్చి ఈల దీపానికి ఎడమైంది, అప్పుడు వెలిగిన దీపం మీదా కూయలేదు. అంత చిన్న వెలుగు నేరుగా ఆనిస్తే తప్ప దాని చెవికి ఆనదు. ఎండనైతే పాడుతుంది. ఖాజా భాయ్ చెప్పిందంతా ఆ హాల్లో నిలబడి అక్షరాలా విన్నాను.

"ఇది అయ్యింది," అని రవి ఒక తలుపు మీద చెయ్యేశాడు. బషీర్ సాబ్ "రుక్ జా" అంటూ రెండడుగులు వెనక్కి గెంతాడు. దీపం వెలగలేదు.

"తలుపు తియ్యలేదు గనక వదిలేస్తున్నా. ఇంకొక్క తప్పు, అంతే," అన్నాడు బషీర్ సాబ్, బాధగానే.

రవి నుదుటి మీద చెమట. ఈలను అటూ ఇటూ తిప్పుతూ, విన్నదాన్నే మళ్ళీ వింటున్నాడు. నా పర్సులో వాడి టికెట్ ఉంది. ఊళ్ళో వాడి కుర్చీకి మెత్త వేస్తున్నారు. నేను చేయవలసిందల్లా ఊరుకోవడం. ఇంకో నిమిషం ఊరుకుంటే చాలు, వచ్చిన పని పూర్తి.

కానీ సరుకు బాగుండి, చూపించడం చేతకాక బేరం చెడిపోతుంటే నేను చూడలేను. అది జబ్బు. మా కొట్లో జరీ అంచు మెరవాలంటే నేనేం చేస్తాను? ఆ చీర మీద ఒక్క దీపం ఉంచి పక్కవన్నీ ఆర్పిస్తాను.

"లైట్లన్నీ బంద్ జెయ్యిండ్రి," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది.

"అంధేరే మే యే కామ్ కైసే కరేగా?" అన్నాడు బషీర్ సాబ్. చీకట్లో వీడెలా పనిచేస్తాడట. ఆ మాట పూర్తవకముందే తనకే తట్టింది. కిందికి చూసుకుంటూ వెళ్ళి స్విచ్చులు ఆర్పాడు.

హాలు చీకటైంది. రెండు మూడు పచ్చ దీపాలు మాత్రం మూసేసిన బజార్లో మెడికల్ షాపు బోర్డుల్లా మిగిలాయి. రవి ఒక్కో దీపం జాగాకి ఈలను నేరుగా ఆనిస్తూ నడిచాడు. ఈల మూగగా ఉంది. మూగగా ఉంది. ఒక్కచోట కూసింది, సన్నగా, స్పష్టంగా. తలుపు లాగాడు. పిండేసిన దుప్పట్లు. ముందుకెళ్ళాడు. మూగ, మూగ, మళ్ళీ కూత. దుప్పట్లు. వాడి అడుగుల వేగం పెరిగింది, చక్రాల బండి చప్పుడు పెరిగింది. నా కంటికి ఏమీ కనబడలేదు. వింటూ నిలబడ్డాను.

ఢామ్మని ఒక శబ్దం, వెనకే పంజాబీలో నాకు తెలియని ఒక మాట.

"సాబ్, ఉధర్ ట్రాలీ హై. థోడా లెఫ్ట్ సే ఆయియే," అని రవి మర్యాదగా దారి చెప్పాడు.

ఆ తర్వాత రోజంతా ఒక్క తప్పు లేదు. సాయంత్రం బషీర్ సాబ్ మోకాలు రుద్దుకుంటూ ముదీర్ గదికి వెళ్ళబోతుంటే, చీకట్లో పనంటే ఆయనేమంటాడోనని సందేహించాడు. కరెంటు ఎంత మిగులుతుందో ముందు చెప్పి, మనిషి సంగతి తర్వాత చెప్పమన్నాను. ఏ యజమానికైనా సరుకు అలాగే అమ్మాలి. అలాగే అమ్ముడుపోయింది. ఎగ్జిట్ ఆగింది. ఇన్నేళ్ళూ ఆ లైట్లు ఎవరి కోసం వేశావని ముదీర్ బషీర్ సాబ్‌నే కసిరాడట.

ఆ చీకటి హాల్లోంచి బయటికి రావడానికి కదిలాను. ఎటు తిరిగినా యంత్రమే తగిలింది.

"నా సెయ్యి వట్టుకో అక్కా. ఈడ మెట్టున్నది. ఆఁ, ఇంకోటి."

పట్టుకున్నాను. నేను అంతదూరం వచ్చింది ఆ చెయ్యి పట్టుకుని వాణ్ణి ఇంటికి తీసుకెళ్దామనే.

వెళ్ళే ముందు ఆ నాజూకు ఈల కొనిస్తానన్నాను, బేరమాడకుండా. రవి వద్దన్నాడు. "దానితోని లైట్లు ఏసుకొని గూడ పని నడుస్తది గదక్కా. ఇప్పుడైతే బషీర్ సాబ్ గడప కాడికెల్లే అరిసి వోతుండు, లోపల్కి ఒస్తలేడు. ఇదే మంచిగున్నది."

కోరుట్ల

తిరుగు విమానంలో రవి సీటు మీద నా అబాయా సంచి కూర్చుంది. టికెట్ రద్దు చేస్తే తిరిగొచ్చేది విమానంలో పంచే చాక్లెట్ అంత.

కొట్టుకొచ్చేసరికి కుర్చీ సిద్ధంగా ఉంది. మెత్త బాగా కుట్టాడు. వృథా పోకూడదని నేనే కూర్చున్నాను. మా అమ్మకం పిల్ల మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఎవరో ఫ్యాను నా వైపు తిప్పారు. గిరాకీలొచ్చి, "మీరు లేవకండమ్మా, మేం చూసుకుంటాం," అన్నారు. చూసుకున్నారు. నా నెత్తిమీదుగా, నన్నడక్కుండా, ఒక చీర బేరం మొదలై ముగిసింది కూడా. పూట గడవకముందే లేచి నిలబడ్డాను.

ఆ కుర్చీని ఇప్పుడు గోడవారగా వేశాను, చీరలు చూసే ఆడవాళ్ళ వెంట వచ్చే మొగుళ్ళ కోసం. వాళ్ళకి రెండేసి కళ్ళున్నాయి, చేసే పనేం లేదు. అచ్చంగా కొలత తీసుకుని చేయించినట్టు సరిపోయింది.